కాసేపు ఉండనని ఫోన్ ముందే చెప్పాలా?

వాదనకు పెట్టుకున్న అంశం ఇది: ఫోనైనా, సెన్సరైనా కాసేపు నెట్‌వర్క్‌కు అందకుండా పోయేటప్పుడు, ఎప్పుడు పోతుందో, ఎంతసేపు ఉండదో ముందే చెప్పి వెళ్లాలా? మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ 3జీపీపీ తన 18వ రిలీజ్‌లో, అంటే 18వ విడత ప్రమాణాల్లో, 5జీకి ఈ ఏర్పాటు చేర్చింది. అక్క ఒక మొబైల్ నెట్‌వర్క్‌లో కోర్ విభాగం, అంటే టవర్ల వెనక ఉండే కేంద్ర భాగం, ఇంజనీరు. తమ్ముడు, పరికరాన్ని నెట్‌వర్క్‌తో కలిపే మోడెమ్‌కు సాఫ్ట్‌వేర్ రాస్తాడు.

తమ్ముడు: ముందు నా అభ్యంతరం విను అక్కా. స్విచాఫ్ చేస్తే వెళ్తున్నానని చెప్పే పద్ధతి 2జీ రోజుల నుంచే ఉంది. డిటాచ్ సందేశం పంపి, జవాబు కోసం కూడా చూడకుండా ఫోన్ ఆగిపోతుంది. 5జీలో అదే పనికి డీరిజిస్ట్రేషన్ ఉంది. మళ్లీ "ఇన్ని నిమిషాలు ఉండను" అని ఇంకో ముక్క ఎందుకు? అలాంటి ప్రతి ముక్కకీ మేం కోడ్ రాయాలి, టెస్ట్ చేయాలి, దాన్ని అర్థం చేసుకోని పాత నెట్‌వర్క్‌లలో ఏమవుతుందో చూసుకోవాలి.

అక్క: పాత నెట్‌వర్క్‌ల భయం అక్కర్లేదు. ఈ సౌకర్యం నా దగ్గర ఉందని నెట్‌వర్క్ ముందు చెప్తేనే ఫోన్ దాన్ని వాడుతుంది. ఇక డిటాచ్ అంటావా, అది పోతున్నానంటుంది, ఎప్పుడొస్తుందో చెప్పదు. మోడెమ్ తనంతట తాను రీసెట్ అయితే ఆ మాట కూడా రాకపోవచ్చు. అప్పుడు మా వైపు ఏం జరుగుతుందో చూడు. ఫోన్ ఉందనే అనుకుంటాం. దానికి డేటా వస్తే, అది తిరిగే ప్రాంతంలోని టవర్ల నుంచి పేజింగ్ చేస్తాం, అంటే ఉన్నావా అని పిలుస్తాం. పలకదు. మళ్లీ చేస్తాం. ఉన్నానని ఫోన్ చెప్పాల్సిన టైమర్ మామూలుగా 54 నిమిషాలు. దాని మీద మేం ఇంకో 4 నిమిషాలు ఆగుతాం. ఫోన్ లేదని తేలడానికే దాదాపు గంట పడుతుంది రా.

తమ్ముడు: పేజింగ్ వృథా మీ ఖర్చు. దాని కోసం నా పరికరం అదనంగా సిగ్నలింగ్ చేయాలా? అయినా నిద్రపోయే పరికరాలకు 12వ రిలీజ్‌లోనే పీఎస్ఎం అనే గాఢనిద్ర పద్ధతి ఇచ్చారు. నీటి మీటరు నెలల తరబడి పలకకుండా ఉండొచ్చు, గరిష్ఠంగా 413 రోజుల దాకా. 13వ రిలీజ్‌లో, మధ్యమధ్యలో మాత్రమే లేచి వినే ఈడీఆర్ఎక్స్ వచ్చింది. ఇవి చాలవా?

అక్క: అవి ముందే కుదుర్చుకున్న నిద్రలు, ఒక లెక్క ప్రకారం నడుస్తాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అలా రాదు. ఊళ్లో ఎప్పుడూ ఉండేవాళ్లు ఉన్నట్టుండి నాలుగు రోజులు ఊరెళ్తే పాలవాడికి చెప్పి వెళ్తారు కదా, ఇదీ అంతే.

తమ్ముడు: వేయొద్దని చెప్తే చాలు, తిరిగొచ్చాక వేయమంటారు. తేదీ పాలవాడికెందుకు? వైఫై చూడు. 1997 నాటి మొదటి ప్రమాణంలోనే, నిద్రపోతున్నానని చెప్పడానికి ఒక బిట్ పెట్టారు. అది 1 అయితే రౌటర్ ప్యాకెట్లు దాచి ఉంచుతుంది, నీకు సరుకుందని, తను తరచూ పంపే ప్రకటన బీకన్‌లో చూపిస్తుంది. ఎంతసేపని అడగదు. అయినా ఇన్నేళ్లుగా పని నడుస్తూనే ఉంది.

అక్క: ఆ బిట్ చాలకే కదా, వైఫై 8 కోసం రాస్తున్న ప్రమాణంలో, ఫలానా సమయాల్లో ఉండనని పరికరం చెప్పే పద్ధతి చేరుస్తున్నారు. ఒకే యాంటెనా మీద బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కూడా నడుస్తుంటే ఫోన్ క్షణకాలం వైఫై వదిలేస్తుంది. జవాబు రాలేదని రౌటర్ సిగ్నలే బాగోలేదనుకుని వేగం తగ్గించేస్తుంది. కారణం తెలియకపోవడం వల్ల తప్పు మందు వేయడం అది. మన రెండు సిమ్‌ల ఫోన్ల కథ కూడా దాదాపు ఇదే.

తమ్ముడు: రెండు సిమ్‌ల సంగతి ఒప్పుకుంటా. 17వ రిలీజ్‌లో ఇచ్చిన ఆ పద్ధతి మంచిదే. ఒక సిమ్ మీద పని పడితే రెండో నెట్‌వర్క్‌కు చెప్పి వెళ్లొచ్చు, కావాలంటే వాయిస్ కాల్‌కు మాత్రమే పిలవమనొచ్చు. కానీ అక్కడ కూడా ఇన్ని నిమిషాలని చెప్పడం లేదు. నా గొడవంతా నిమిషాల గురించే.

అక్క: సరే, నిమిషాలకే వస్తా. భీమవరం వైపు రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ 5జీ మోడెమ్‌తో ఉందనుకో. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. అదే వేళకు, ట్రాఫిక్ తక్కువని, మీవాళ్లు అప్‌డేట్ పెడతారు. రీడింగ్ ఆగిపోయింది. సర్వర్ దగ్గరున్న మనిషికి ఏం తెలుస్తుంది? బ్యాటరీ పోయిందా, మోడెమ్ నీళ్లలో పడిందా, అప్‌డేట్ అవుతోందా? రైతును నిద్ర లేపాలా వద్దా? అదే మూడింటి నుంచి పదిహేను నిమిషాలు ఉండనని ముందే వస్తే, మా కోర్‌లో పరికరాల రిజిస్ట్రేషన్ చూసే ఏఎంఎఫ్ ఆ మాటను, అడిగి ఉంచుకున్న సర్వర్‌కు చేరవేస్తుంది. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ముందుగానే ఆన్ చేసి పెట్టుకోవచ్చు. అప్‌డేట్‌ను పగటికి మార్చమని పరికరానికే చెప్పొచ్చు. అందుకే, పాలవాడి మాట సరిపోని చోటు ఇది. ఇక్కడ ఆధారపడి బతికే మనిషి ఒకడున్నాడు.

తమ్ముడు: పదిహేను నిమిషాలన్నది నేను వేసే అంచనా. ఫ్లాష్ మెమరీ నెమ్మదిగా ఉంటే ఇరవై ఐదు అవుతుంది. తప్పు గడువు చెప్పడం కంటే చెప్పకపోవడం మేలు కాదా? మోడెమ్ ఉన్నట్టుండి క్రాష్ అయితే అసలు చెప్పే వీలే ఉండదు.

అక్క: క్రాష్‌కు ఇది మందు కాదు, ఆ మాట నిజం. పని త్వరగా ముగిస్తే ఫోన్ ముందే వచ్చి రిజిస్టర్ కావొచ్చు, ఎవరూ ఆపరు. తన కాంటెక్స్ట్‌ను, అంటే కనెక్షన్ వివరాలను, మెమరీలో భద్రం చేసుకుని వెళ్తుంది కాబట్టి వచ్చాక మొదటి నుంచీ అన్నీ కట్టుకోవాల్సిన పని కూడా తగ్గుతుంది.

తమ్ముడు: మరి అందరూ ఒకే గడువు చెప్పి ఒకేసారి తిరిగొస్తే? శాటిలైట్ మీద నడిచే పరికరాలు అంతే కదా. శాటిలైట్ నెత్తి మీదికి రాగానే వేలకు వేలు ఒక్కసారి మీద పడతాయి.

అక్క: శాటిలైట్‌కు అది ఆలోచించే రాశారు. నెట్‌వర్క్ ఒక గరిష్ఠ వ్యవధి ఇస్తుంది, దాని లోపల ప్రతి పరికరం యాదృచ్ఛికంగా ఒక ఆలస్యం ఎంచుకుని వస్తుంది.

తమ్ముడు: ఇంకొక్కటి. 2జీలో ఎవరైనా నా పేరుతో దొంగ డిటాచ్ పంపితే నాకు కాల్స్ ఆగిపోయేవి. ఇదీ అలా అయితే?

అక్క: 2జీ డిటాచ్‌కు రక్షణ లేదు. ఒకసారి భద్రత కుదిరాక 5జీ పరికరం ఈ గడువు చెప్తూ పంపే రిజిస్ట్రేషన్ సందేశానికి రహస్య కీతో ముద్ర ఉంటుంది.

తమ్ముడు: అయితే నా షరతు ఇది. గడువు ఎంతో పరికరమే వేయాలి, కాస్త ఎక్కువే వేయాలి. అది దాటితే నా మోడెమ్‌ను తప్పు పట్టకూడదు.

అక్క: నిన్ను తప్పు పట్టను. కానీ గడువు దాటిన నిమిషమే సర్వర్ గట్టిగా అరవాలి, చెరువు గట్టుకు మనిషి పరుగెత్తాలి. గడువే లేకపోతే ఎప్పుడు పరుగెత్తాలో ఆ రైతుకు ఎవరు చెప్తారు?

తమ్ముడు: సరే అక్కా, పంపిద్దాం. కానీ ఆ హెచ్చరిక కోసం మీ దగ్గర ముందే అడిగి ఉంచుకోవాల్సింది ఆ సర్వర్ రాసినవాళ్లు. అది వాళ్లు చేయకపోతే మనిద్దరం పడ్డ శ్రమ అంతా మీ ఏఎంఎఫ్‌లోనే ఆగిపోతుంది.