మెట్ట చేనుకు కావాల్సింది మూడేళ్ల ఎరువు లెక్క

వానాకాలం మొదలైతే ఎరువుల మీద నడిచే చర్చ అంతా ఒక్కటే: యూరియా ఎన్ని టన్నులు వచ్చింది, ఇంకా ఎంత రావాలి? 2025లో తెలంగాణ రైతులు తెల్లవారకముందే సొసైటీల ముందు చెప్పులు వరుసగా పెట్టి ఎదురుచూసిన దృశ్యాలు అందరూ చూసినవే. ఆ కొరత మీద ప్రభుత్వాలను నిలదీయాల్సిందే. అయితే కాలువ నీరు ఎరగని మెట్ట చేల దగ్గర మొదట అడగాల్సింది వేరు. ఈ చేలో నిరుడు ఏం పండింది? వచ్చే ఏడు ఏం వేస్తారు? మన ఎరువుల విధానంలో ఈ రెండు ప్రశ్నలకూ చోటు లేదు.

అనంతపురం ప్రాంతాన్నే తీసుకోండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, పలుచని ఎర్రనేల, దశాబ్దాలుగా వేరుశనగ మీద వేరుశనగ. వర్షాధార పంటకు ఎకరాకు సిఫార్సు చేసే నత్రజని 8 కిలోలు, భాస్వరం 16 కిలోలు. ఆ భాస్వరం కోసం రైతు చేయి ముందుగా నత్రజని, భాస్వరం మాత్రమే ఉండే డీఏపీ మీదికి పోతుంది. కాయ నిండుగా ఊరడానికి కావలసిన కాల్షియం గానీ, గింజలో నూనె పెంచే గంధకం గానీ అందులో లేవు. ఆ రెండూ ఉన్న సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రెండు బస్తాలు చల్లితే అదే 16 కిలోల భాస్వరం అందుతుంది. పూత నుంచి నేలలోకి దిగి కాయకట్టే ఊడలు దిగే వేళకు జిప్సం వేస్తే కాయ గట్టిపడుతుంది.

వేరుశనగ పప్పుజాతి పంట, నేలకు నత్రజనిని అదే ఇస్తుంది కదా అంటారు. పంట పీకే రోజు చేలోకి వెళ్లి చూడండి. మొక్కను వేరుతో సహా పెరుకుతారు. కాయ మిల్లుకు, కాయ తీశాక మిగిలిన కట్టె మేతగా పశువులకు. ఇంటి ముందు ఎద్దులున్నంత కాలం ఆ కట్టె పేడగా మారి దిబ్బకు, దిబ్బ నుంచి మళ్లీ చేనుకు చేరేది. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చాక కట్టె బేరగాళ్ల బండెక్కి ఊరు దాటుతోంది. గాలి నుంచి పంట పట్టిన నత్రజనిలో చాలా భాగం దానితో పాటే పోతోంది.

కంది అలా కాదు. ఆకంతా చేలోనే రాలుస్తుంది. అంతకన్నా పెద్ద సంగతి నేల కింద ఉంది. ఎర్రనేలల్లో వేసిన భాస్వరంలో చాలా భాగం ఇనుముతో బిగుసుకుపోయి పంటలకు అందదు. కంది వేరు పిసిడిక్ ఆమ్లాన్ని విడుదల చేసి ఆ ముడిని విప్పుతుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జపాన్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన ఈ పరిశోధన 1990లోనే వెలువడింది. ఏళ్ల తరబడి డబ్బు పోసి నేలలో దాచిన భాస్వరాన్ని బయటికి తీసే పంట మన చేతిలోనే ఉందన్నమాట! ఏడు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది, మరుసటి ఏడాది జొన్న లేదా కొర్ర. ఆ జొన్నకు యూరియా వేసినా నేలలో తడి పదును చూసి, తగ్గించి వేస్తే చాలు. ఇది ఒక పంటకు వేసే లెక్క కాదు, ఒక చేనుకు మూడేళ్లకు కట్టే లెక్క.

మెట్ట రైతు ఎరువు వాడేదే తక్కువ, ఇంకా తగ్గించమనడం అన్యాయమని కొందరు శాస్త్రవేత్తలు వాదిస్తారు. మెట్ట నేలలు పోషకాల్లేక చిక్కిపోయాయన్నది నిజం. కానీ వాటికి కొరతగా ఉన్నవాటిలో గంధకం, జింకు, బోరాన్, సేంద్రియ కర్బనం ఉన్నాయి. వీటిలో ఏదీ మామూలు యూరియా బస్తాలో దొరకదు. 2010లో ఎరువులోని పోషకాల లెక్కన ఇచ్చే పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడు యూరియాను దాని బయటే ఉంచారు. అందుకే 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకే వస్తోంది, రైతు చేయి దాని మీదికే పోతోంది.

ఇంతకీ పంట మార్పిడి చేయాల్సింది ఎవరు? మెట్టలో చాలా చేలను దున్నుతున్నది కౌలు రైతు. కంది రాల్చిన ఆకు ఫలితం మరుసటి ఏడు కనిపిస్తుంది. ఆ ఏడు చేను తన చేతిలో ఉంటుందో లేదో అతనికి తెలియదు. 2011లో ఉమ్మడి రాష్ట్రం కౌలు రైతుకు ఇచ్చిన రుణ అర్హత కార్డు గడువు ఏడాది. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకు. అదీ యజమాని సంతకం పెడితేనే. 11 నెలల మనిషి పశువుల ఎరువు తోలించడు, ఎరువు కోసం చేలో గొర్రెల మంద కట్టించడు, చెరువు మట్టికి ట్రాక్టరు మాట్లాడడు. ఈ పంటలోనే పెట్టుబడి తిరిగి రావాలి కాబట్టి ఈ పంటకే బస్తా కొంటాడు. అతను చేస్తున్నది సరైన లెక్కే. తప్పు లెక్క చట్టానిది.

భూసార పరీక్ష పత్రం మీద నిరుడు వేసిన పంట, వచ్చే రెండేళ్ల పంటలు రాసి సిఫార్సు ఇవ్వడం వ్యవసాయ శాఖ రేపే మొదలుపెట్టవచ్చు. కౌలు ఒప్పందాన్ని మూడేళ్లకు పెంచితే భూమి చేజారుతుందని యజమానులు భయపడతారు. 2019 చట్టం యాజమాన్య హక్కుకు భంగం లేదని ఇప్పటికే హామీ ఇస్తోంది. అదే హామీతో 11 నెలలను 36 నెలలు చేయడానికి శాసనసభకు ఒక్క సవరణ చాలు.