పూల్‌లో గుడ్డి దెబ్బకు గెలుపెందుకు?

కర్రతో కొట్టి బంతుల్ని టేబుల్ పాకెట్లలో వేసే పూల్‌లో, తొమ్మిది నంబరు బంతులతో ఆడే రకం నైన్ బాల్. అందులో ఏ బంతిని ఏ పాకెట్‌లో వేస్తామో ముందే చెప్పనక్కర్లేదు. కర్రతో కొట్టిన తెల్ల బంతి టేబుల్ మీదున్న అతి చిన్న నంబరు బంతిని మొదట తాకితే చాలు, తొమ్మిదో బంతి ఎటెటో తిరిగి ఏ పాకెట్‌లో పడ్డా గేమ్ అయిపోయినట్టే! ఏడెనిమిది బంతులు లెక్క చూసుకుని వేసినవాడు కూర్చుని చూడాలి. ఇదేం న్యాయం? పది బంతులతో ఆడే టెన్ బాల్‌లో బంతినీ పాకెట్‌నూ చెప్పి కొట్టాలన్న నియమం ఉంది, దాన్నే ఇక్కడా పెట్టాలి. ర్యాక్ (ఆట మొదట్లో బంతుల పేర్పు) కూడా ఒకటో బంతి కాకుండా తొమ్మిదో బంతి టేబుల్ మీద గుర్తు పెట్టిన స్పాట్ మీద ఉండేలా పేర్చాలి. లేదంటే బ్రేక్‌లో, అంటే మొదటి దెబ్బలో, పేర్పు పక్క మూలలోని బంతి పదేపదే మూల పాకెట్‌లోకి పోతుంది.

అంతకన్నా మండేది పార్లర్లలో తెల్ల బంతి. ప్రతి షాట్‌కూ దెబ్బ తినేది అదే కాబట్టి మిగతావాటికన్నా ముందు అరుగుతుంది. దాని వ్యాసం 57.15 మిల్లీమీటర్లు ఉండాలి. అరిగి తేలికైతే, ఆగాల్సిన షాట్‌లో వెనక్కి వస్తుంది. పాతది పోయిందని బరువైనది తెచ్చిపెడితే ముందుకు జారుతుంది, వెనక్కి లాగడం గగనమైపోతుంది. ఇక పొజిషన్, అంటే తర్వాతి షాట్‌కు అనువైనచోట తెల్ల బంతిని ఆపడం, ఎలా నేర్చుకుంటారు? సెట్ మొత్తం మార్చలేకపోతే కనీసం అదే కొలత, అదే బరువున్న తెల్ల బంతి ఒక్కటి కొనండి.

బంతులు తుడవడమూ అంతే. కర్ర మొనకు రాసే చాక్ పొడి అంటుకున్నచోట రెండు బంతులు తగిలితే ఒక్క క్షణం పట్టేసి, సూటిగా పోవాల్సిన బంతి పక్కకు పోతుంది. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు, మెత్తని గుడ్డ చాలు. రోజూ చేయించండి.