తిండి భద్రంగానే ఉంది బాబూ

ఒడిశాలోని మా రాయగడ జిల్లాలో వాన లేకపోయినా పెరిగే చెట్టు ఒకటుంది. దానికి ఎరువు అక్కర్లేదు, కంచె అక్కర్లేదు, మేకలు ముట్టవు. గోధుమ రంగు చార్టు కాగితం, రెండు స్కెచ్ పెన్నులు, ఒక టేపు చుట్ట ఉంటే చాలు, ఏ హోటల్ హాల్లోనైనా అరగంటలో మొలుస్తుంది. దాని పేరు సమస్యల చెట్టు. వేళ్ల దగ్గర కారణాలు, మాను మీద అసలు సమస్య, కొమ్మల మీద దాని ఫలితాలు రాస్తారు. వ్యవసాయ ప్రాజెక్టుల మీటింగులకు వెళ్లే అలవాటుంటే మీరూ ఈ చెట్టు కింద కూర్చునే ఉంటారు. లేకపోతే అది మీ పూర్వజన్మ సుకృతం.

ఈమధ్య నేనూ కూర్చుని వచ్చాను. రాయగడలో ఒక హోటల్, పై అంతస్తు, ఏసీ హాలు. ఆహార భద్రత కోసం జిల్లాకు వ్యవసాయ పెట్టుబడుల ప్రణాళిక తయారు చేస్తున్నారట, అందుకోసం రైతులతో సంప్రదింపులట. చేయిస్తున్నదెవరో, చేస్తున్నదెవరో చెప్పను. ఇలాంటివాళ్లు మా జిల్లాకు వలస పిట్టల్లా కోతలయ్యాక వస్తారు, ఎండలు ముదిరేలోపు పోతారు. ఒక పిట్టకీ ఇంకో పిట్టకీ నాకు తేడా తెలియదు. నన్ను పిలిచింది నా ఎకరంన్నర పొలాన్ని చూసి కాదు, తెలుగూ ఒడియా రెండూ వచ్చని. ఢిల్లీ నుంచి వచ్చిన అమ్మాయి ఇంగ్లీషులో చెబితే భువనేశ్వర్ కుర్రాడు ఒడియాలో చెబుతాడు. గుణుపురం వైపు నుంచి వచ్చినవాళ్లకు దాన్ని నేను తెలుగు చేయాలి. నా మాటను పక్కన కూర్చున్న ఇంకో కుర్రాడు సవర భాషలో చెప్పాలి. బయల్దేరినప్పుడు ఒక మాట, చేరేసరికి ఇంకో మాట. 'వాల్యూ చైన్‌ను బలోపేతం చేయాలి' అన్నది ఇన్ని నోళ్లు దాటి వెనక వరసకు చేరేసరికి 'విలువైన గొలుసు గట్టిగా చేయించాలి' అయింది. ఒక పెద్దాయన తులం ఎంతుందని అడిగాడు. ఆ రోజు హాల్లో ధర గురించి ఎవరైనా అడిగిన ప్రశ్న అదొక్కటే.

గోడ మీద బొమ్మలు మొదలయ్యాయి. నాలుగో బొమ్మలో 'ఓడరేవు పక్కన శీతల గిడ్డంగి' అని ఉంది. రాయగడకు ఓడరేవు ఎప్పుడొచ్చిందా అని హాలంతా ఆలోచనలో పడింది. మా నాగావళిలో వేసవికి గేదె మునిగేంత నీళ్లుంటే గొప్ప. ఎవరో నెమ్మదిగా అడిగితే, ఆ బొమ్మ వేరే దేశం ప్రణాళికలోదనీ, తీయడం మర్చిపోయామనీ చెప్పారు. ఆ దేశం ఆఫ్రికాలోదట. అయితే మాకు దగ్గరి చుట్టమే. 2003లో మపుటోలో ఆఫ్రికా దేశాలు కూర్చుని, తమ బడ్జెట్లలో 10 శాతం వ్యవసాయానికే ఖర్చు పెడతామని ఒట్టేసుకున్నాయి. 2014లో మలాబోలో కూర్చుని అదే ఒట్టు మళ్లీ వేసుకున్నాయి. మొదటి ఒట్టు నిలబడి ఉంటే రెండోది దేనికి చెప్పండి?

తర్వాత ఆహార భద్రతకు నిర్వచనం. 1996లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార శిఖరాగ్ర సభ నాటిది. అందరికీ, అన్ని వేళలా, చాలినంత, శుభ్రమైన, బలమిచ్చే తిండి అందడం. దానికి నాలుగు స్తంభాలు: లభ్యత, అందుబాటు, వినియోగం, స్థిరత్వం. నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని తెలుగు చేశాను. ముందు వరసలో గుణుపురం అవతలి ఊరి నుంచి వచ్చిన ఒక అప్ప (మా వైపు పెద్దక్కను అలా అంటాం) ఉంది. అరవై దాటి ఉంటుంది. శ్రద్ధగా విని, "తిండి భద్రంగానే ఉంది బాబూ, గోదాంలో. తాళం కూడా ఏసినారు" అంది.

మా వైపు వాళ్లంతా ఘొల్లుమన్నారు. ఏమందని ఢిల్లీ అమ్మాయి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె తలూపి నోటు పుస్తకంలో ఏదో రాసుకుంది. నేను తొంగి చూశాను. 'నిల్వ సౌకర్యాలపై రైతుల్లో సంతృప్తి.'

ఇక చెట్టు. అందరికీ తలా నాలుగు పసుపు చీటీలు పంచారు. ఒక్కో చీటీ మీద ఒక్కో సమస్య రాసి అంటించాలి. రాయడం రానివాళ్లు చెబితే కుర్రాళ్లు రాస్తారు. చెట్టు దగ్గరికి వెళితే వేళ్ల దగ్గర అప్పటికే ఒక చీటీ ఉంది, అదీ అచ్చులో: 'రైతుల్లో అవగాహన లోపం'. రైతులు ఇంకా బస్సు దిగకముందే వాళ్ల అవగాహన లోపం వచ్చి కూర్చుంది. పక్క జిల్లా కొరాపుట్ రైతులు వందల రకాల దేశవాళీ వరి విత్తనాలు కాపాడుకుంటూ వచ్చారని, వాళ్ల సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థే ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అవగాహన ఉన్నందుకు బిరుదూ వీళ్లకే, లేనందుకు శిక్షణా వీళ్లకే.

ఒక్కొక్కరే వెళ్లి అంటించారు. చెరువు గట్టు తెగి మూడేళ్లయింది. ఏనుగులు. పత్తి మందుల అప్పు. చెట్టు నిండిపోయింది. అప్పుడు జరిగింది అసలు విద్య, దీనికి శాస్త్రం ఉందట. సమస్యల చెట్టును లక్ష్యాల చెట్టుగా మార్చాలి. ఎలా అంటే, పసుపు చీటీ మీద ఉన్న మాటను తిరగేసి ఆకుపచ్చ చీటీ మీద రాయాలి. 'నీళ్లు లేవు' అని ఉంటే 'నీళ్లు ఉన్నాయి'. 'గట్టు తెగింది' అని ఉంటే 'గట్టు బాగుంది'. 'అప్పులున్నాయి' అంటే 'అప్పులు లేవు'. పావుగంటలో జిల్లా బాగుపడిపోయింది. ఒక చీటీ దగ్గర మాత్రం భువనేశ్వర్ కుర్రాడు ఆగాడు. దాని మీద 'ఏనుగులు' అని ఒక్క మాటే ఉంది. దాన్ని ఎలా తిరగేయాలి? 'ఏనుగులు లేవు' అని రాస్తే అటవీ శాఖ ఊరుకోదు. నలుగురూ గుమిగూడి చర్చించి చివరికి 'సంతృప్తి చెందిన ఏనుగులు' అని రాశారు. నాకు తెలిసి ఆ ప్రణాళికలో కడుపు నిండే హామీ దొరికింది వాటికి మాత్రమే.

నేను పుట్టి ఇన్నేళ్లయింది, 'లేదు'ని 'ఉంది'గా మార్చడం ఇంత తేలికని మా నాన్న చెప్పలేదు. ఆయన దగ్గర ఆకుపచ్చ కాగితాలు లేవు.

అప్ప వంతు వచ్చింది. ఆమె చీటీ తీసుకోలేదు. కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ముక్క ఒకటి తీసింది. ధాన్యం మండీ టోకెను. ఫలానా తారీఖులోపు వడ్లు తెచ్చుకోమని సొసైటీ వాళ్లు ఇచ్చింది. ఆమె ఆ తారీఖుకే తీసుకెళ్లింది. గోనె సంచులు లేవన్నారు. రెండు రోజులాగి వెళితే తేమ ఉందన్నారు. ఆరబెట్టి తీసుకెళితే క్వింటాలుకు ఇన్ని కిలోలు తరుగు తీస్తామన్నారు. మా దగ్గర దీన్ని కట్నీ ఛట్నీ అంటారు. పేరు వింటే ఇడ్లీలోకి బాగుంటుందేమో అనిపిస్తుంది. ఈ బేరం తేలేలోపు టోకెను తారీఖు దాటిపోయింది. వడ్లు షావుకారుకు పోయాయి, ఆయన చెప్పిన రేటుకి. ఆమె ఆ టోకెనును మాను నడిమధ్యన పెట్టి, టేపు వేయమంది.

భువనేశ్వర్ కుర్రాడు మర్యాదస్తుడు. "అమ్మా, ఇది సమస్య కాదు. ఉదాహరణ" అన్నాడు. సమస్యంటే అందరికీ వర్తించేలా ఉండాలట. నేను తెలుగు చేశాను. అప్ప అంది, "అందరికీ అయింది బాబూ. మండీ బయట నిలబడున్న ట్రాక్టర్లని అడుగు." కుర్రాడు కాసేపు ఆలోచించి టోకెను తీసి ఒక కొమ్మ చివర, ఆకు పక్కన అంటించాడు. మానుకు వేరే మాట ముందే అనుకున్నారు: 'అల్ప పెట్టుబడి'.

పెట్టుబడి మాటకే వద్దాం. ఎవరు పెట్టాలి? బొమ్మలో నాలుగు గళ్లున్నాయి: ప్రభుత్వం, బ్యాంకులు, కంపెనీలు, దాతలు. ఐదో గడి లేదు. పేద దేశాల సేద్యంలో ఈ నలుగురూ కలిసి పెట్టేదానికంటే రైతులు సొంతంగా పెట్టేదే ఎక్కువని ఆహార, వ్యవసాయ సంస్థ 2012 నివేదికలో రాసింది. ఎడ్లు, బోరు, గట్టు, విత్తనం, ఇంటిల్లిపాది ఒంటి చాకిరీ, అన్నీ పెట్టుబడే. కానీ బొమ్మలో రైతు పక్క పేజీలో ఉన్నాడు, 'లబ్ధిదారు' అన్న పేరు కింద. డబ్బు పెట్టేవాడు లబ్ధిదారు, తీసుకునేవాడు భాగస్వామి. ఈ లెక్క అర్థం కాకపోతే అది మళ్లీ మన అవగాహన లోపమే.

ఒక్క మంచి మాటైనా చెప్పకపోతే పాపం తగులుతుంది. 2017లో ఒడిశా ప్రభుత్వం 7 జిల్లాల్లో, 30 బ్లాకుల్లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టింది. మేం చోళ్లు అనే రాగుల్ని, కొండల్లో తాతల నాటి నుంచి పండించి తింటున్నవాటినే, మద్దతు ధరకు కొన్నది. 2025-26కి ఆ ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. బాగుంది. కానీ 2013 ఆహార భద్రత చట్టంలో కిలో బియ్యం 3 రూపాయలు, గోధుమలు 2, చోళ్లలాంటి ముతక ధాన్యం 1 అని రాసింది ఢిల్లీ సర్కారు. ముతక అన్నది వాళ్లే, ఇప్పుడు 'శ్రీ అన్న' అని దండం పెడుతున్నదీ వాళ్లే. ఈ మీటింగులో టీతో పాటు చోడి బిస్కట్లు ఇచ్చారు. అప్ప ఒకటి కొరికి, "ఇందులో చోళ్లేవీ?" అంది.

టీ తర్వాత గడువు చెప్పారు: 2030కి ఆకలి సున్నా. నాకు నవ్వొచ్చింది. 1974లో రోమ్‌లో, పదేళ్లలో ఏ బిడ్డా ఆకలితో పడుకోదన్నారు. 1996లో అదే ఊళ్లో, 2015 కల్లా ఆకలిగొన్నవాళ్లను సగం చేస్తామన్నారు. 2015లో, 2030కి పూర్తిగా పోగొడతామన్నారు. మా ఊళ్లో అప్పు ఎగ్గొట్టేవాడు కూడా ఇలాగే సంక్రాంతికిస్తానని, ఉగాదికిస్తానని తిప్పుతాడు. కాకపోతే వాడికి మీటింగు పెట్టి భోజనం పెట్టరు.

ఇంతలో అప్పటిదాకా నోరు విప్పని ఒక పెద్దాయన లేచాడు. కాశీపురం వైపు మనిషి. ఒడియాలో ఒకే ముక్క అన్నాడు. మామిడి టెంక.

భువనేశ్వర్ కుర్రాడు చీటీ మీద 'మామిడి' అని రాశాడు. ఢిల్లీ అమ్మాయి ముఖం వెలిగింది. టెంకలోని జీడి నుంచి కొవ్వు తీస్తారట, చాక్లెట్లలో, ముఖానికి పూసుకునే క్రీముల్లో వాడతారట, ఎగుమతికి మంచి అవకాశమట. చీటీ వెళ్లి 'అవకాశాలు' కొమ్మ మీద కూర్చుంది. పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. ఇంకేమీ అనలేదు.

ఆ అమ్మాయి తప్పు లేదు. 2001 నాటికి ఆమె ఉయ్యాల్లో ఉండి ఉంటుంది. కానీ ఆమెను పంపినవాళ్లకు తెలియదా? 2001లో ఇదే జిల్లా కాశీపురం బ్లాకులో, ఇంట్లో గింజ లేక, దాచుకున్న మామిడి జీడి దంచి జావ కాచుకుని తాగినవాళ్లు ఒకరి వెనక ఒకరు చచ్చిపోయారు. జీడికి బూజు పట్టింది. ఆకలి చావులు కావు, విషాహారం అన్నారు సర్కారువాళ్లు. జీడి జావ తాగడం వాళ్ల ఆచారం అన్నారు. ఆచారమట! ఇంట్లో బియ్యం పెట్టుకుని బూజు పట్టిన జీడి ఎవడు తాగుతాడండీ? మీ ఇంట్లో తాగుతారా? అదే ఏడాది ప్రభుత్వ గోదాముల్లో 6 కోట్ల టన్నులకు పైగా ధాన్యం మూలుగుతోంది. పెట్టడానికి చోటు లేక ఆరుబయట పట్టాలు కప్పారు. ఆ ధాన్యం జనానికి పంచమని పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. బడి పిల్లలకు అన్నం వండి పెట్టండని కోర్టు చెప్పాల్సి వచ్చింది.

పోనీ ప్రణాళికలు లేక చచ్చారా? 1988 నుంచి 1997 దాకా అదే కాశీపురం బ్లాకులో, రోమ్‌లో ఉండే అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి అప్పుతో గిరిజనాభివృద్ధి ప్రాజెక్టు నడిచింది. మా జిల్లా కూడా కలిసిన పాత కొరాపుట్, బలంగీర్, కలహండి ప్రాంతాల కోసం 1995లో దీర్ఘకాలిక కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. 1998లో దాన్ని సవరించారు. దీర్ఘకాలం మూడేళ్లకే నిండిపోయింది. ఇన్ని అయ్యాక, ఇంకో మూడేళ్లకు, జీడి జావ. రోడ్లు వేశారు, జీపులు తిరిగాయి, నివేదికలు బైండు అయ్యాయి. వానాకాలంలో ఆ ఊళ్లకు పాతిక కిలోల బియ్యం మూట చేర్చడానికి మాత్రం ఎవడికీ చేతులు రాలేదు. ఆ మూటకు ఏ చెట్టు కావాలి? ఏ వేరు, ఏ కొమ్మ, ఏ రంగు చీటీ?

ఇదంతా నేను అక్కడ అనలేదు. అనువాదానికి పిలిచారు కదా, ఎవరైనా అంటేనే నేను అనాలి.

చివర అందరినీ చెట్టు ముందు నిలబెట్టి ఫొటో తీశారు. హాలు ఖాళీ అవుతుంటే అప్ప చెట్టు దగ్గరికి వెళ్లి టోకెను పీకబోయింది. ఢిల్లీ అమ్మాయి పరుగెత్తుకొచ్చి, దాన్ని ఉంచమనండి, అది డేటా అంది. నేను చెప్పాను.

"డేటా అంటే ఏటి బాబూ?"

"లెక్కలో రాసుకుంటారప్పా."

"రాసుకోమను. రేపు సొసైటీలో ఇదే అడుగుతారు."

గోటితో టేపు కొస లేపి నెమ్మదిగా లాగింది. కాగితం వచ్చింది, ఒక మూల చిరిగింది. తారీఖు వేసిన ముక్క టేపుతో పాటు చెట్టుకే ఉండిపోయింది. నేను దాన్ని తీయబోయాను.

"పోనీలే బాబూ," అంది కొంగు ముడి వేసుకుంటూ, "అదెలాగూ దాటిపోయింది."