బెల్ట్ బండి అయితే లక్ష కిలోమీటర్లు చూడక్కర్లేదంట, యాడ?

బైకు ఇంజన్ బలాన్ని వెనక చక్రానికి అందించే చైన్ గురించి, దాని జాగాలో వేసే బెల్ట్ గురించి వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతాండాది. మా అనంతపురం గ్రూపుల్లో చూసినా, కర్నూల్లో ఉండే మా బావ కూడా అదే పంపినాడు. అందులో ఉండేది ఇది: "చైన్ పాతకాలం టెక్నాలజీ. బెల్ట్ డ్రైవ్‌కు మెయింటెనెన్స్ జీరో, లక్ష కిలోమీటర్లు ముట్టుకునే పనిలేదు, మైలేజీ పెరుగుతుంది. చైన్ సెట్లు అమ్ముకోవాలనే కంపెనీలు మనకు బెల్ట్ ఇవ్వవు. కిట్ తెచ్చి మీ బండికే మార్పించుకోండి." కింద యాక్టివా ఫోటో, హార్లీ ఫోటో పక్కపక్కన పెట్టినారు. బెల్ట్ మీద నాకేం కోపం లేదు, మంచి వస్తువే, కానీ ఈ మెసేజ్‌లో సగం నిజాన్ని ముందు పెట్టి మిగతాదంతా దాని వెనక దూర్చినారు.

మొదట ఆ ఫోటోల సంగతి. యాక్టివాలో బెల్ట్ ఉండాది నిజమే, కాకపోతే అది గేర్లు మార్చే పని చేసే వీ-బెల్ట్, మూత లోపల భద్రంగా ఉంటుంది, దాని తర్వాత చక్రాన్ని తిప్పేది నూనెలో మునిగిన గేర్లు. హార్లీలో ఉండేది పళ్ల బెల్ట్, బయట గాలికి దుమ్ముకు కనిపిస్తా నేరుగా వెనక చక్రాన్ని తిప్పుతుంది. రెండిటికీ పేరు తప్ప పోలిక లేదు. "యాక్టివా బెల్ట్‌కు ఏమైనా అయితాండాదా మరి" అని అడిగేవాళ్లకు ఇంతకంటే చెప్పేదేం లేదు.

మెయింటెనెన్స్ జీరో అంటే నూనె పెట్టే పని లేదు, కడిగే పని తక్కువ, ఇది ఒప్పుకోవాల్సిందే. చైన్‌కు సుమారు 500 కిలోమీటర్లకొకసారి లూబ్ కొట్టల్ల, వానలో తిరిగితే అంతకంటే ముందే. ఆ నూనెకు ఎర్రమట్టి ఇసక అంటుకుని చైన్‌నీ పళ్లచక్రాన్నీ అరగదీస్తుంది, ఇది చైన్‌కు ఉండే అసలు రోగం. కానీ బెల్ట్‌ను కూడా చూడాల్సిందే. హార్లీ వాళ్లే గేజ్ పెట్టి సుమారు 4.5 కిలోల ఒత్తిడితో నొక్కి ఎంత వంగుతాందో కొలవమంటారు, పళ్లు చిట్లినాయా, పక్కలు దారాలు లేసినాయా చూడమంటారు. వదులైతే బెల్ట్ పళ్లు ఎగురుతాయి, బిగువైతే బేరింగులు పోతాయి. లక్ష కిలోమీటర్లు వచ్చేది ఇవన్నీ సరిగ్గా ఉండి, నున్నటి రోడ్ల మీద తిరిగే బండికి. ఇంకోటి, స్ప్లెండర్ లాంటి బండ్లకు చైన్ చుట్టూ పూర్తి కవర్ ఇచ్చేది ఈ ఇసక కోసమే, మనోళ్లు స్టైల్ లేదని దాన్ని పీకేసి, మళ్లా చైన్ అరిగిపోయిందని కంపెనీని తిడతారు.

ఇక మెసేజ్‌లో ఒక్క ముక్క కూడా లేని విషయం, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది: రాయి. తాడిపత్రి, బేతంచెర్ల పక్క బండల ఫ్యాక్టరీల రోడ్లు చూడండి, ఎర్రగుంట్ల పక్క సిమెంటు లారీలు తిరిగే దారులు చూడండి, లారీలోంచి రాలిన కంకర రోడ్డు పక్కన పరిచినట్టే ఉంటుంది. ముందు చక్రం ఎగరేసిన చిన్న రాయి చైన్‌లో పడితే ఇనుము కాబట్టి నలిపేసి పోతుంది, టక్కుమని శబ్దం వస్తుందంతే. అదే రాయి బెల్ట్‌కూ అది తిరిగే చక్రానికీ, అంటే పుల్లీకీ మధ్య ఇరుక్కుంటే బెల్ట్ లోపల బరువు లాగే దారాలు, కెవ్లార్ లాంటివో కార్బన్‌వో, అక్కడికక్కడ తెగుతాయి. పైన రబ్బరు బాగానే కనపడుతుంది, ఇంకొన్నాళ్లు తిరుగుతుంది కూడా, యాడ తెగుతుందో ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. గార్డు పెడితే రొంత ఆగుతుంది గాని పూర్తిగా ఆగదు. సన్న ఇసక అయితే పుల్లీ మీద పూతను గీకేస్తుంది, అది పోతే కొత్త బెల్ట్ వేసినా తొందరగా అరిగిపోతుంది.

గుంతల సంగతీ ఉండాది. వెనక సస్పెన్షన్ ఆడేకొద్దీ ముందు వెనక పళ్లచక్రాల మధ్య దూరం మారుతా ఉంటుంది. చైన్‌కు వదులు ఉంటుంది కాబట్టి సర్దుకుంటుంది, బెల్ట్ బిగువుగా ఉండాలి కాబట్టి అంత సర్దుకోలేదు. అందుకే సస్పెన్షన్ తక్కువ ఆడే క్రూయిజర్లకు బెల్ట్ బాగా కుదిరింది. ప్రత్యేకంగా ఇంకో చిన్న పుల్లీ పెట్టి అమెరికా బైకుల కంపెనీ బ్యూయెల్ వాళ్లు దీన్ని దాటినారు, కాదనట్లేదు, కానీ అదంతా ఖర్చే.

మైలేజీ పెరగడం ఏమీ లేదు. శుభ్రంగా నూనె పెట్టిన చైన్ నష్టపోయేది చానా తక్కువ, వందలో రెండు మూడు వంతులు అనుకోండి. బెల్ట్ తేలికే గాని బిగువు వల్ల దానికీ నష్టం ఉండాది. తుప్పు పట్టిన చైన్‌తో కొత్త బెల్ట్‌ను పోల్చి మైలేజీ అంటే ఎట్లప్పా?

కంపెనీల కుట్ర అంటాండారు గదా, దీనికి జవాబు ఫోటోలో ఉండే హార్లీనే. 1980లో స్టర్జిస్ మోడల్‌తో బెల్ట్ మొదలుపెట్టి దాన్ని తన గుర్తుగా చేసుకున్న కంపెనీ అది. అదే హార్లీ 2021లో మట్టిరోడ్లకు పాన్ అమెరికా తెచ్చినప్పుడు పెట్టింది చైన్. 2023లో హీరోతో కలిసి ఇక్కడ తెచ్చిన ఎక్స్440కీ చైనే. బీఎండబ్ల్యూ ఎఫ్800ఎస్‌కు బెల్ట్ ఇచ్చి, ఆ కుటుంబంలోనే మట్టిరోడ్ల బండి ఎఫ్800జీఎస్‌కు చైన్ ఇచ్చింది. చైన్ సెట్లు అమ్ముకోడానికేనా? మనకు బెల్ట్ ఇవ్వరనేది కూడా అబద్ధమే, కరెంటు స్కూటర్ ఏథర్ 450 బెల్ట్‌తోనే వస్తాంది, కరెంటు బైకు రివోల్ట్ ఆర్‌వీ400 కూడా. టౌన్లో శబ్దం లేకుండా తిరగడానికి బాగుంటుంది, నేనైతే అట్లాంటిదే కొనమంటా. ఓలా మాత్రం 2025లో మూడో జనరేషన్ స్కూటర్లకు బెల్ట్ తీసేసి చైన్ పెట్టింది.

కిట్ సంగతి మరీ అన్యాయం. బెల్ట్‌కు జాయింట్ ఉండదు, ఒకే చుట్టు, చాలా బండ్లకు అది ఎక్కించాలంటే వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ ఊడదీయాల్సిందే. చైన్ కంటే వెడల్పు, పుల్లీలు పెద్దవి, మామూలు బండిలో అంత జాగా ఉండదు, లైను రవ్వంత తప్పినా పక్కలు అరుగుతాయి. వేరుశనగ మూటలు, పాల క్యాన్లు వేసుకుని తిరిగే టీవీఎస్ ఎక్స్‌ఎల్‌కు ఇది ఎవరు చేస్తారు? చైన్ తెగితే గువ్వలచెరువు ఘాట్లో కూడా ఎవరో ఒక మెకానిక్ లాక్ లింకు వేసి రాయచోటి దాకా పంపిస్తాడు. బెల్ట్ తెగితే బండిని ఆటోలో ఎక్కించి, పార్ట్ ఎప్పుడొస్తుందని షోరూంకు ఫోన్ చేస్తా కూర్చోవాల్సిందే.