ఎవరు రాశారో పైనే చూపించాలి

ఏఐ సమాధానాలకు రెడిట్ (జనం ప్రశ్నలు, అనుభవాలు రాసుకుని చర్చించుకునే వెబ్‌సైట్) లాంటి చోట్ల జనం రాసిన పోస్టులు ఆధారమవుతున్నాయని ఒక వ్యాసంలో చదివాను, అది నిజం. 2024 మేలో పిజ్జా మీద చీజ్ జారిపోతోందంటే సాస్‌లో జిగురు కలపమని గూగుల్ ఏఐ చెప్పింది కదా, అది అప్పటికి 11 ఏళ్ల కిందట రెడిట్‌లో ఎవరో వేళాకోళానికి రాసిన కామెంట్. అక్కడైతే రాసినవాళ్ల పేరు, తేదీ, కింద మిగతావాళ్ల మాటలు ఉంటాయి కాబట్టి చదవగానే జోకని తెలిసిపోతుంది, అవన్నీ తీసేసి నీట్‌గా రెండు వాక్యాల్లో పెడితే ఎవరైనా నమ్ముతారు. పైగా ఆ ఏడాది ఫిబ్రవరిలోనే రెడిట్ కంటెంట్ కోసం గూగుల్ ఒప్పందం చేసుకుంది, ఏడాదికి దాదాపు 6 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. రాసిన జనానికి మాత్రం పైసా రాదు. జనం అనుభవాలు వాడొద్దని నేననను, మిక్సీ రిపేరుకో ఫోన్ సెట్టింగులకో అవే బాగా పనికొస్తాయి. కానీ మందులు, డబ్బుల విషయంలో ఎవరు ఎప్పుడు రాశారో సమాధానం పైనే కనిపించాలి, పక్కన చిన్న లింకులో కాదు. మా అమ్మలాంటివాళ్లు ఆ లింకు నొక్కరండీ.