ఎనిమిది గంటల క్లాసు గారికి ఒక ఫస్టియర్ విన్నపం

గౌరవనీయులైన ఉదయం ఎనిమిది గంటల క్లాసు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాల్సింది గానీ, ఇక్కడ కుశలంగా ఉన్నది తమరొక్కరే.

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఈ ఉదయం నేను తమ సన్నిధికి వచ్చాను, తమరు రాలేదు. ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే హాల్లో ఉన్నాను. తల సగమే ఆరింది, రెండు కాళ్లకూ రెండు రంగుల సాక్సులు. తెర మీద ‘నో సిగ్నల్’ అని నీలంగా వెలుగుతోంది. ఎనిమిదీ ఇరవైకి మా సీఆర్, అదే క్లాస్ రిప్రజెంటేటివ్, గ్రూపులో పెట్టాడు, ఈ రోజు క్లాసు లేదని. సార్ నిన్న సాయంత్రమే ఆఫీసులో చెప్పేశారట, వాళ్లు మాకు చెప్పడం మర్చిపోయారట. వెళ్లి అడుగుదామంటే ఆఫీసు తెరిచేది పదింటికి.

మొదటి రోజు సభలో వేదిక మీది పెద్దాయన అన్న మాట తమరికీ గుర్తుండాలి. ‘ఇక మీరు పిల్లలు కాదు, మీ టైము మీ చేతుల్లోనే ఉంటుంది.’ మేం కూడా చప్పట్లు కొట్టాం. మర్నాడు టైంటేబుల్ వచ్చింది. వారమంతా మొదటి గడిలో తమరే. మా చేతుల్లో మిగిలిన టైమల్లా అర్ధరాత్రి దాటాక వచ్చేదే, అది కూడా అసైన్‌మెంట్లు వదిలిపెడితే.

మా ఒంటి సంగతి తమరికి ఎవరూ చెప్పినట్టు లేరు. యుక్తవయసు వచ్చేసరికి శరీరంలోని గడియారం నెమ్మదిగా ఆలస్యం వైపు జరుగుతుంది. చీకటి పడ్డాక ఒంట్లో ఊరాల్సిన మెలటోనిన్ అనే నిద్ర హార్మోను బాగా పొద్దుపోయాక గానీ ఊరదు, కాబట్టి నిద్రా రాదు. ఆ ఆలస్యం పెరిగి పెరిగి సుమారు 20 ఏళ్ల దగ్గర తారస్థాయికి చేరి, ఆ తర్వాత మళ్లీ తగ్గడం మొదలవుతుంది. అంటే మనిషి బతుకు మొత్తంలో పొద్దున్నే లేవడానికి అన్నిటికంటే పనికిరాని వయసేదో పట్టుకుని, సరిగ్గా ఆ వయసు వాళ్లకే తమర్ని కట్టబెట్టారన్నమాట. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది, హైస్కూళ్లు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టొద్దని. కాలిఫోర్నియాలో అయితే 2022 నుంచి చాలావరకు హైస్కూళ్లకు అది చట్టమే. బాగుంది. కానీ అదే పిల్ల హైస్కూలు దాటి యూనివర్సిటీ మెట్లెక్కగానే చట్టం చేతులు దులుపుకుంటుంది. మధ్యలో వచ్చిన సెలవుల్లో ఆ పిల్ల ఒంట్లోని గడియారాన్ని ఎవరైనా రిపేరు చేసి పంపారా?

ఈ మాట ఎక్కడ ఎత్తినా ఒకటే సలహా, రాత్రి పెందలాడే పడుకోమని. పడుకున్నాం. పదింటికే లైటు ఆర్పి, పన్నెండున్నర దాకా పైకప్పును చూస్తూ, ఇప్పుడు నిద్రపోతే ఆరు గంటలు, ఇప్పుడైతే ఐదున్నర అని లెక్కలేస్తూ. తమరి సబ్జెక్టులో కూడా నేను అంత శ్రద్ధగా లెక్కలు చేసి ఎరగను.

అసలు తమరు మాకే ఎందుకు దక్కారో ఒక సీనియర్ అక్క చెప్పింది. ఫస్టియర్ సబ్జెక్టులు అందరికీ కామన్, ఇంతమంది పట్టే పెద్ద హాళ్లు ఏ రెండో మూడో ఉంటాయి, అవి తేరగా దొరికేది ఎవరికీ అక్కర్లేని వేళల్లో. పై క్లాసుల వాళ్లకు ఎలక్టివ్‌లున్నాయి, నచ్చకపోతే ఇంకోటి తీసుకుంటారు. మాకు ఎంచుకోవడానికి ఏమీ లేదు, ఎవరి దగ్గరికి వెళ్లి గొడవ పెట్టుకోవాలో కూడా ఇంకా తెలియదు. మిగిలిపోయిన టైమును నోరులేని వాళ్లకు అంటగట్టారు, అంతే. హాళ్లు చాలడం లేదు, సర్దుకోండి అంటే సర్దుకునేవాళ్లం. అది కాదు. దీనికి ‘క్రమశిక్షణ’ అని పేరు పెట్టి, కళ్లు మూతపడిన ప్రతివాడినీ లేపి నిలబెట్టి, ఈ తరానికి చదువు మీద శ్రద్ధ లేదని ఉపన్యాసం ఇస్తున్నారు చూడు, అక్కడ మండుతుంది నాకు. నువ్వు టైంటేబుల్ వేసినవాడి చేతకానితనానివి. మా శీలానికి పరీక్షవేం కాదు.

అవును, నువ్వే అంటున్నాను. తమరు, తమరు అని నోరు నొప్పి పుట్టింది.

నా నోట్సు తీసి చూడు. తేదీ గుండ్రంగా ఉంటుంది, హెడ్డింగు కింద గీత కూడా ఉంటుంది. నాలుగో లైనుకొచ్చేసరికి అక్షరాలు కిందికి జారడం మొదలుపెడతాయి, ఆరో లైనులో ‘కాబట్టి’ అన్న మాట ఉంటుంది, ఆ తర్వాత పేజీ అంచుదాకా ఒక పొడుగాటి పెన్ను గీత. కాబట్టి ఏమిటో పరీక్షకు ముందు ఎవరిని అడగాలి?

పైగా తొమ్మిదికి వదిలేస్తావు, తర్వాతి క్లాసేమో పన్నెండింటికి. రూముకెళ్లి పడుకుంటే మళ్లీ లేవం, లైబ్రరీకి వెళ్తే అక్కడే నిద్రపోతాం. మిగతా వాళ్లకూ లేఖలు రాయాల్సి ఉంది. చెయ్యని వాడికీ సమానంగా మార్కులు పంచే గ్రూప్ ప్రాజెక్టుకు, నాలుగేళ్లూ మెడలో వేలాడబోయే ఐడీ కార్డు ఫొటోకు. వాళ్ల వంతూ వస్తుంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. పరిచయాలు పెంచుకోండంటూ మాతో ఆటలాడించిన ఆ కార్యక్రమాలన్నిట్లో కలిపి నాకు ఒక్క స్నేహితుడూ దొరకలేదు. నీ దగ్గర దొరికాడు. సార్ ఇటు తిరిగిన ప్రతిసారీ మోచేత్తో పొడిచి లేపేవాడు, రెండో వారం దాకా ఒకరి పేరు ఒకరికి తెలియదు, అడిగే ఓపిక ఇద్దరికీ లేదు. ఇంటి మీద బెంగ పుట్టిన రోజు నేను తలుపు తట్టింది వాడి రూముకే. ఆ మేరకు నీకు బాకీ ఉన్నాను, కాదనను.

కానీ వచ్చే సెమిస్టరు టైంటేబుల్ చిత్తుప్రతి చూశానని వాడే ఇందాక చెప్పాడు. నువ్వు ఏడున్నరకు జరుగుతున్నావట. అదే నిజమైతే ఇంకో లేఖ ఉండదు. ముందురోజు రాత్రే పరుపు చుట్టుకుని వచ్చి హాల్లో పడుకుంటాం. అటెండెన్సు పడుకున్నవాళ్లను పడుకున్నట్టే వేసుకోండి.

ఇట్లు,
గోడ పక్క సీటు