ఆ ఆరు పరీక్షల్లో అసలు చేతిపనే ఫెయిలవుతుంది

పండగలు, గృహప్రవేశాలు దగ్గర పడుతున్నాయంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ బయల్దేరుతుంది. ఇంటి అలంకరణకి ఇత్తడి బొమ్మలు, కుండీలు, గోడకు తగిలించే పళ్లేలు కొనేటప్పుడు అసలైన చేతిపనిని ఆరు గుర్తులతో పట్టేయొచ్చని దాని సారాంశం. అయస్కాంతం అంటుకోకపోతే అసలైన ఇత్తడి. చేతికి బరువుగా ఉండాలి, తేలిగ్గా ఉంటే నకిలీ. అచ్చులో పోసిన గుర్తు కనిపిస్తే మెషిన్ సరుకు. నల్లబడినా, చిలుం పట్టినా కల్తీ. చింతపండు, నిమ్మకాయతో తోమితే బంగారంలా మెరవాలి, మెరవకపోతే మోసపోయినట్టే. చివరగా, జీఐ గుర్తు, అంటే ఫలానా ఊరి పని అని చెప్పే భౌగోళిక గుర్తింపు, లేనిదేదీ కొనొద్దు.

చదవడానికి బాగానే ఉంటుంది. నలుగురికీ పంపమని కింద రాసి ఉంటుంది కాబట్టి అందరూ పంపుతున్నారు. నేను మాత్రం దీన్ని తేలిగ్గా తీసుకోలేను. ఈ గుర్తులు పట్టుకుని కొట్టుకెళ్లినవాళ్లు పూత పూసిన ఫ్యాక్టరీ సరుకుని నమ్మకంగా కొనుక్కుంటారు, ఒక మనిషి రోజుల తరబడి కూర్చుని చేసినదాన్ని డూప్లికేట్ అని పక్కన పెట్టేస్తారు. నల్లబడిందని వెనక్కొచ్చిన వస్తువు నష్టం మధ్యలో ఉన్న వ్యాపారి భరించడు. అది చేసినవాడి లెక్కలోంచే పోతుంది.

అయస్కాంతం సంగతి త్వరగా తేలిపోతుంది. అది చెప్పేది ఒక్కటే, ఆ వస్తువులో ఇనుము ఉందా లేదా అని. ఇత్తడికి అంటుకోదు, నిజమే. అల్యూమినియానికీ అంటుకోదు, జింకుకీ అంటుకోదు, రెజిన్ బొమ్మకీ అంటుకోదు. చవకగా దొరికే అలంకరణ సామాన్లు చాలావాటిని జింకు మిశ్రమంతోనో అల్యూమినియంతోనో పోసి, పైన ఇత్తడి రంగు పూత వేస్తారు. అవన్నీ ఈ పరీక్షలో పాసే. అదే పొడవాటి దీపస్తంభాన్ని తీసుకోండి. ముక్కల్ని కలిపి బిగించడానికి లోపల ఇనప కడ్డీ పెట్టి ఉండొచ్చు. దానికి అయస్కాంతం లాగినంత మాత్రాన బయటి ఇత్తడి నకిలీ అయిపోదు. ఇనుము మీద పూత వేసినదాన్ని పట్టుకోవడానికి అయస్కాంతం పనికొస్తుంది, అంతవరకే.

బరువు దగ్గర కొంచెం ఆగాలి. ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకి 8.5 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఇనుముది 7.9, జింకుది 7.1. చేత్తో ఎత్తి చూసి ఈ తేడా చెప్పగలిగినవాళ్లు ఎవరూ ఉండరు. పైగా బోలుగా ఉన్న బొమ్మ అడుగున సిమెంటో ఇసుకో నింపి మూత వేస్తే బరువు ఎంత కావాలంటే అంత పెరుగుతుంది. గట్టి పోత బొమ్మని బరువుతోనే తేల్చుకోవాలనుకుంటే ముందు దాన్ని తూచండి. తర్వాత నీళ్లలో ముంచి, ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లు పొర్లాయో కొలవండి. గ్రాముల్ని మిల్లీలీటర్లతో భాగిస్తే 8.4కీ 8.7కీ మధ్య వస్తే ఇత్తడి అయ్యే అవకాశం బాగా ఉంది. దీంతో కూడా తెలిసేది లోహం ఏమిటన్నదే. చేసింది చెయ్యా, మెషినా అన్నది తెలియదు.

తేలిగ్గా ఉంటే నకిలీ అన్న మాట మాత్రం సూటిగా పెంబర్తివాళ్ల పొట్ట కొడుతుంది. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో, జనగామ దగ్గరి ఊరు అది. కాకతీయుల కాలం నుంచీ గుడి వాహనాలకీ రథాలకీ లోహపు తొడుగులు చేసిన విశ్వకర్మల పని అక్కడిది. వాళ్లు పని చేసేది రేకు మీద. రేకుని లక్క పరుపు మీద అతికించి, మొద్దు మొన ఉన్న పనిముట్టుతో వెనక వైపు నుంచి కొడుతూ ముందు వైపు ఉబ్బెత్తు తెస్తారు. తర్వాత తిప్పి, ముందు నుంచి గీతలు, అంచులు, కళ్లు, ఆకుల ఈనెలు తీరుస్తారు. దెబ్బలు తినేకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది. అలాగే కొడుతూ పోతే చిట్లుతుంది. అందుకని మధ్యమధ్యలో కాల్చి, మెత్తబరిచి, మళ్లీ పరుపు మీదికి తెస్తారు. ఇంత చేసినా చివరికి చేతిలోకి వచ్చేది రేకే కాబట్టి తేలిగ్గానే ఉంటుంది. దాని విలువ తెలియాలంటే వెనక్కి తిప్పి, వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని చూడాలి. ఒక్కో దెబ్బ గుంట ఒక్కో లోతులో ఉంటుంది. పక్కపక్కనే ఉన్న రెండు ఆకుల్లో ఒకదాని ఈనె కాస్త వంకర తిరిగి ఉంటుంది. డై అనే ఉక్కు అచ్చు కింద ప్రెస్ చేసిన రేకుకీ వెనక గుంటలుంటాయి గానీ వాటిలో పనిముట్టు జాడ కనపడదు, ఆకులన్నీ ఒక్కలాగే ఉంటాయి. సుత్తితో కొట్టినట్టు కనిపించే డిజైన్‌ని కూడా ఇప్పుడు రోలర్‌తో అద్దేస్తున్నారు. కాసేపు చూస్తే అదే గుంటల వరస కొంత దూరం తర్వాత అచ్చంగా మళ్లీ వస్తుంది. చేత్తో కొట్టినదాంట్లో అలా రావడం అసాధ్యం.

ఇక అచ్చు. ఈ మెసేజ్‌లో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన మాట ఇదే. అచ్చులో పోస్తే చేతిపని కాదట. మరి మొహెంజొదారోలో 1926లో దొరికిన ఆ నాట్యకత్తె బొమ్మ ఏమిటి? 10.5 సెంటీమీటర్ల ఎత్తు, నడుం మీద ఒక చెయ్యి, రెండో చేతి నిండా గాజులు. నాలుగు వేల ఏళ్ల కిందటి ఆ బొమ్మని మైనంతో చేసి, మట్టి అచ్చు కట్టి, లోహం పోసే తీశారు. తమిళనాడులోని స్వామిమలైలో ఈరోజుకీ దేవుడి విగ్రహాలు చేసే పద్ధతి అదే. మన ఆదిలాబాద్ వైపు ఉషెగాం లాంటి ఊళ్లలో ఓజా పనివాళ్లు పోసే డోక్రా ఇత్తడి బొమ్మలు కూడా ఆ దారిలోవే.

డోక్రా ఎలా చేస్తారో తెలిస్తే అచ్చుని ఎవరూ తక్కువగా మాట్లాడరు. ముందు బొమ్మ ఆకారానికి మట్టితో గుండె కడతారు. అది ఆరాక తేనె మైనంలో గుగ్గిలం లాంటివి కలిపి సన్నటి దారాలుగా లాగి, ఆ మట్టి చుట్టూ ఒక్కో వరసా చేత్తో చుడతారు. ఏనుగు ఒంటి మీద ముగ్గులా కనిపించే గీతలన్నీ ఆ మైనం దారాలే. దాని మీద ముందు మెత్తటి మట్టి, తర్వాత ముతక మట్టి పొరలు పొరలుగా పూసి, మైనం బయటికి రావడానికి దారి వదులుతారు. కాల్చితే మైనం కరిగిపోతుంది. మైనం ఉన్న జాగాలోకి కరిగిన ఇత్తడి వెళ్తుంది. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే, వేరే దారి లేదు. కాబట్టి ఆ అచ్చు ఒకే ఒక్క బొమ్మకి పనికొస్తుంది. రెండోది కావాలంటే మళ్లీ మట్టి దగ్గర్నుంచి మొదలు. బొమ్మ కడుపులో నల్లటి మట్టి మిగిలిపోయి, ఊపితే పొడి రాలుతుంటే లోపల చెత్త నింపారని తగువు పడేవాళ్లున్నారు. అది ఆ పని జరిగిందనడానికి సాక్ష్యం. ఒక చోట చిన్న చిల్లు, ఇంకో చోట గీత చెదిరి ఉండటం కూడా అలాంటిదే.

ఇసుక అచ్చు సంగతి వేరు. మొరాదాబాద్‌లో ఎక్కువగా జరిగే పని అది. రెండు పెట్టెల మధ్య ఇసుకని నమూనా చుట్టూ దట్టించి, నమూనా తీసేసి, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. రెండు సగాలు కలిసిన చోట ఒక గీత వస్తుంది. దాన్ని ఆకురాయితో అరగదీసి, ఆ తర్వాత నగిషీ పనివాడు ఉలితో కూర్చుంటాడు. మెసేజ్ చెప్పే అచ్చు గుర్తు బహుశా ఈ గీతే. అది పోత పోశారని చెబుతుంది, అంతకు మించి ఏమీ చెప్పదు. స్టీలు డైలో ఒత్తిడితో పోసే ఫ్యాక్టరీ సరుకులోనూ అలాంటి గీత వస్తుంది, అక్కడా అరగదీస్తారు. తేడా తెలుసుకోవాలంటే ఒకే రకం వస్తువులు రెండు పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో ఉన్న చిన్న గాటు రెండోదాంట్లోనూ సరిగ్గా అదే చోట ఉంటే ఆ లోపం నమూనాలోనిదో డైలోనిదో. తర్వాత నగిషీ గీతలు చూడండి. అవి కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయంటే అందులో ఉలి తిరగలేదన్నమాట.

నల్లబడటం, చిలుం పట్టడం. ఇత్తడి అంటేనే రాగి, జింకు కలిసిన లోహం. గాలిలో తేమ, గంధకపు ఆవిర్లు, మన చేతి చెమటలోని ఉప్పు తగిలితే రాగి ఊరుకోదు. ముందు గోధుమరంగు, తర్వాత నలుపు, తడి నిలిస్తే పచ్చటి చిలుం. 1886లో న్యూయార్క్‌లో నిలబెట్టిన స్వేచ్ఛా విగ్రహం రాగి రేకుతో చేసిందే. ఇప్పుడు పచ్చగా ఉంది. దాన్ని కల్తీ అనలేం కదా! ఏళ్ల తరబడి ఏమాత్రం మారకుండా మెరుస్తున్న ఇత్తడి మీదే అనుమానపడాలి. దాని మీద వార్నిష్ లాంటి పారదర్శకమైన పూతైనా ఉంటుంది, లేదా అది ఇత్తడే అయ్యుండదు. పూత ఉండటం తప్పేమీ కాదు, అమ్మేవాళ్లు ఆ మాట చెప్పాలి. ఎందుకంటే ఆ పూత ఎక్కడైనా పగిలితే అక్కడి నుంచి సాలెగూడులా నల్ల గీతలు పాకుతాయి, అప్పుడు ఎంత తుడిచినా పోవు.

కర్ణాటకలోని బీదర్‌లో చేసే బిద్రీ పని ముందు ఈ 'నల్లబడితే కల్తీ' సూత్రాన్ని పెట్టి చూడండి. బిద్రీ కుండీ లోహంలో పదహారింట పదిహేను వంతులు జింకే, రాగి కొద్దిగా కలుస్తుంది. పోత పోసి, నునుపు చేసి, గీత కనపడటానికి మైలుతుత్తం నీళ్లు పూసి తాత్కాలికంగా నల్లబరుస్తారు. దాని మీద సన్నటి మొనతో చూసి రాయకుండానే తీగలు, పువ్వులు గీస్తారు. గీత వెంట ఉలితో గాడి తీసి, గాడిలో వెండి తీగ పెట్టి సుత్తితో దిగ్గొడతారు. మళ్లీ మొత్తం నునుపు చేసేసరికి లోహమూ వెండీ కలిసిపోయి పని కంటికి కనపడను కూడా కనపడదు. అప్పుడు బీదర్ కోట మట్టిని నవాసాగరంతో, అంటే అమ్మోనియం క్లోరైడ్‌తో, నీళ్లలో కలిపి, వేడి చేసిన వస్తువు మీద రుద్దుతారు. చూస్తుండగానే జింకు లోహం కాటుకలా నల్లబడుతుంది, వెండికి ఏమీ కాదు. అంతసేపూ దాగి ఉన్న పువ్వులన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. బిద్రీ అందమంతా ఆ నలుపులోనే ఉంది.

నలుపు మీద ఇంకో మోసం కూడా జరుగుతోంది, ఈ మెసేజ్‌లో దాని ఊసే లేదు. కొత్త బొమ్మకి రసాయనాలు పూసి పాతదిగా చేసి, రెండు వందల ఏళ్ల నాటిదని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మన దేశంలో 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన విగ్రహాలు, కళాఖండాలు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని అమ్మే వ్యాపారికి లైసెన్స్ ఉండాలి, దేశం దాటించడం నేరం. నిజంగా అంత పాతదైతే కాగితాలు అడగండి. కాగితాలు లేవంటే చట్టవిరుద్ధమైన సరుకైనా అయ్యుండాలి, కొత్తదైనా అయ్యుండాలి.

చింతపండు మాటకొస్తే, రోజూ వాడే సాదా ఇత్తడి చెంబుకీ కుందికీ అది పనికొస్తుంది. పులుపులోని ఆమ్లం పైపొర నలుపుని కరిగిస్తుంది. వెంటనే కడిగి, తడి లేకుండా తుడిస్తే ఇబ్బంది లేదు. నానబెట్టి వదిలేస్తే మాత్రం పైపొరలో జింకు ముందు పోయి, రాగి మిగిలి, ఇత్తడి గులాబీ రంగుకి తిరుగుతుంది. అలంకరణ వస్తువుల సంగతి పూర్తిగా వేరు. పెంబర్తి పలకలో లోతుల్ని కావాలనే ముదురు రంగులో వదిలేస్తారు, ఉబ్బెత్తు ఎత్తి కనపడటానికి. తోమితే ఆ లోతు పోయి బొమ్మ చదునుగా కనపడుతుంది. డోక్రా గీతల్లో ఇరుక్కున్న చింతపండు పిప్పి అక్కడే ఉండి చిలుం పుట్టిస్తుంది. మాకు తెలిసినవాళ్ల ఇంట్లో పెళ్లి కానుకగా వచ్చిన బిద్రీ కూజాని పనమ్మాయి కాదు, ఇంటావిడే, ఈ మెసేజ్ చూసి నిమ్మకాయ, ఉప్పు వేసి రుద్దేశారు. సగం కూజా బూడిద రంగులోకి దిగింది, వెండి పువ్వులు అందులో కలిసిపోయాయి. 'నకిలీ అంటగట్టారు' అని ఇచ్చినవాళ్ల మీద కోపం పెంచుకున్నారు కూడా. బిద్రీని మెత్తటి పొడి గుడ్డతో తుడవాలి, అప్పుడప్పుడు ఒక చుక్క నూనె రాయాలి, అంతే.

జీఐ గురించి రెండు మాటలు. 1999లో చేసి 2003 సెప్టెంబర్ 15 నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం అది. పెంబర్తి, ఆదిలాబాద్ డోక్రా, బిద్రీ, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ (సన్నటి తీగల అల్లిక), శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి, కంచు పని, వీటన్నిటికీ ఆ గుర్తింపు ఉంది. ఆ పేరుని వేరే ఊరివాళ్లు వాడుకోకుండా అది కాపాడుతుంది, అది చాలా అవసరం కూడా. కానీ ప్రతి వస్తువునీ పరీక్షించి వేసే ముద్ర కాదది. స్టిక్కర్ ఎవరైనా ప్రింట్ చేయించుకోవచ్చు. జీఐ పేరు లేని ఊళ్లో కూర్చుని గొప్ప పని చేస్తున్న కంసాలులు ఎంతోమంది ఉన్నారు, వాళ్ల వస్తువు మీద ఏ స్టిక్కరూ ఉండదు.

కొనేటప్పుడు అమ్మేవాళ్లని అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇది రేకు పనా, పోత పనా? పోతైతే మైనమా, ఇసుకా, డైయా? పైన పూత వేశారా? ఎలా తుడవాలి? వస్తువు ఎక్కడిదో తెలిసిన మనిషి వీటికి తడుముకోకుండా జవాబు చెబుతాడు.

ఆ మెసేజ్ మీ గ్రూపులోకి మళ్లీ వస్తే, మిగతా వాదనంతా చేసే ఓపిక లేకపోయినా, చింతపండు మాట తప్పని మాత్రం కింద రాయండి. మిగతా ఐదింటి వల్ల ఒక మంచి వస్తువు కొనకుండా వదిలేస్తారు. దీనివల్ల ఇంట్లో ఉన్న వస్తువే పాడవుతుంది.